ఊరి శాసనానికి సున్నం వేయొచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా చెరువు తూము పక్కన అక్షరాలున్న నిలువురాయి ఉంది. పండగ వచ్చినప్పుడల్లా సున్నం కొడతారు. ఈసారి ఆయిల్ పెయింట్ వేసి, చుట్టూ సిమెంటు గద్దె కడదామంటున్నారు. వద్దని చెప్పాలా? పాత సున్నం పోయే దారి ఉందా?
- ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: పెయింటు, గద్దె రెండూ తప్పక ఆపించండి. ఆయిల్ పెయింట్ రాతి రంధ్రాల్లోకి దిగి అక్కడే ఎండిపోతుంది. తర్వాత థిన్నర్‌తో తుడిస్తే కరిగి మరింత లోపలికి పోతుంది. సిమెంటు చేసే చెరుపు వెంటనే కనబడదు. నేలలోని తడి పక్కలకు ఆరే దారిలేక రాయిలోంచే పైకి ఎక్కుతుంది. అది ఆరినచోట ఉప్పు పేరుకుని, రాతి పైపొర అక్షరాలతో సహా పెచ్చులూడుతుంది. పైగా గద్దె కింద మూడు నాలుగు వరుసలు పూడిపోతాయి. దానం చెరిపినవారికి తగిలే పాపం చెప్పే 'స్వదత్తాం పరదత్తాం వా' శ్లోకం చాలా శాసనాల్లో చివరనే ఉంటుంది. కొన్నిసార్లు చెక్కినవాడి పేరూ అక్కడే ఉంటుంది.

గద్దెకు బదులు రాయి మొదట్లో చుట్టూ రెండడుగుల మేర ఇసుక, కంకర పోయండి. వాననీరు నిలవకుండా వాలు ఇవ్వండి. పశువులు ఒళ్లు రుద్దుకోకుండా కాస్త దూరంగా నాలుగు కడీలు పాతితే చాలు. పూజ మానమని మాత్రం ఎవరికీ చెప్పకండి, ఇన్నాళ్లూ ఆ రాయిని నిలబెట్టింది ఆ భక్తే. ముందు ఒక చదునురాయి వేసి పసుపు, కుంకుమ, దీపం, కొబ్బరికాయ అన్నీ దానిమీద జరిగేలా పెద్దలతో మాట్లాడండి. అక్షరాల మీద పోసిన నూనె దుమ్ము పట్టి నల్లటి అట్ట కడుతుంది.

ఇక సున్నం. నల్లరాయి గట్టిగా ఉంటే తడి గోనెసంచి గంటా రెండు గంటలు కప్పి ఉంచి, వెదురు బద్దతో ఒక్కో పొర వదిలించండి. మెత్తని నైలాన్ బ్రష్‌తో నీళ్లు పోస్తూ కడగండి. ఇనుప బ్రష్, ఉలి, యాసిడ్ దగ్గరికి రానివ్వొద్దు. నాపరాయి సున్నపురాయి జాతిది కాబట్టి యాసిడ్ తగిలితే నురగొచ్చి రాయే కరిగిపోతుంది. పెచ్చుతోపాటు రాతిపొడి కూడా రాలుతుంటే అక్కడే ఆపేసి పురావస్తు శాఖవారికి అప్పగించండి. ఆయిల్ పెయింట్ ఇప్పటికే పడి ఉంటే మీరు ముట్టుకోవద్దు.

చెరువు దగ్గరి రాయిని తేలిగ్గా తీసుకోకండి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, రాకూడని 6 దోషాలు ఏకరువు పెడుతుంది. రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేశారని కూడా చెబుతుంది.

ప్రశ్న: అక్షరాలు అరిగిపోయాయి. పిండి రాసి ఫొటో తీస్తే బాగా పడతాయంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: పిండి వద్దు, సుద్ద కూడా వద్దు. పిండికి చీమలు, బూజు పడతాయి. సుద్ద గీసినవారు తాము అనుకున్న అక్షరాన్నే దిద్దుతారు, చదివేవారు దాన్నే నమ్మి తప్పు చదువుతారు.

కావలసింది పక్కవెలుగు. చీకటి పడ్డాక ఫోన్‌ను స్టాండుకు బిగించి కదలకుండా ఉంచండి. టార్చిని రాతి అంచుకు దాదాపు ఆనించి, వెలుగు రాతిమీద పాకేలా పట్టండి. ఎడమ, కుడి, పైన, కింద నుంచి ఒక్కొక్కటి చొప్పున నాలుగు ఫొటోలు తీయాలి. వెలుగు వచ్చే దిక్కులోనే సాగే గీతకు నీడ పడదు. పక్కనుంచి వేస్తే అడ్డగీతలు, పైనుంచి వేస్తే నిలువుగీతలు మాయమవుతాయి, కాబట్టి ఒక్క ఫొటోతో సరిపెట్టొద్దు. నాలుగైదు వరుసలకొక ఫొటో, ముందు ఫొటోలోని చివరి వరుస తర్వాతి దాంట్లో మళ్లీ పడాలి. పక్కన ఒక స్కేలు పెట్టండి. రాయికి నాలుగు వైపులా చూడండి, శాసనం వెనక్కి తిరిగి కొనసాగడం మామూలే. పగటిపూట చెరువు, గుడి, పొలం కనబడేలా దూరం ఫొటో ఒకటి తీయండి.

శాసనం నకలు తీసే అచ్చుకాగితం పని వేరు. తడిపిన కాగితాన్ని కడిగిన రాతికి అంటించి, గట్టి కుంచెతో అక్షరాల పల్లాల్లోకి దిగేలా కొడతారు. మెరుపు పోయి కాస్త ఆరాక మసి, తుమ్మజిగురు కలిపిన సిరాను గుడ్డ ఉండతో పలచగా అద్దుతారు. తడి మీద అద్దితే సిరా పాకి రాతికే అంటుతుంది. గాలి ఎక్కువైతే అంచులు లేచి అక్షరం రెండుగా పడుతుంది. నేర్చినవారు పక్కన లేకుండా దీనికి దిగకండి. ఫొటోలు చాలు, వాటిని రాష్ట్ర పురావస్తు శాఖకో, మైసూరులోని భారత పురావస్తు సర్వే శాసన విభాగానికో పంపవచ్చు.

ప్రశ్న: 'శకవర్షంబులు' తర్వాత అంకెలున్నాయి. మన లెక్కలో ఏ సంవత్సరం?
- ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: 78 కలపండి. మీ జిల్లా పక్కనే ఉన్న మోటుపల్లిలో కాకతీయ రాజు గణపతిదేవుడి అభయశాసనం శక 1166, అంటే 1244. చైత్రానికి ముందున్న చివరి నెలలైతే ఒకోసారి 79 కలపాలి. సరిచూసుకోవడానికి అరవై ఏళ్ల చక్రం ఉంది. ఆ శాసనంలోది క్రోధి సంవత్సరం. 2024 ఉగాదితో మొదలైందీ క్రోధే, మధ్య 780 ఏళ్లు, సరిగ్గా 13 చుట్లు. చుట్టు కుదరకపోతే అంకెల్లో ఏదో ఒకటి తప్పు చదివి ఉండొచ్చు.

ప్రశ్న: వీరగల్లు కింద రాత్రిపూట ఎవరో తవ్వారు. రాయిని గుడిలోకి మార్చేద్దామా?
- ఒక సర్పంచ్, నంద్యాల జిల్లా

జవాబు: మార్చొద్దు. వీరుడు పడిన చోటునో, ఊరి పొలిమేరనో అది గుర్తు. చోటు మారితే రాయి మిగిలినా ఆ సంగతి మిగలదు. పైనున్న సూర్యచంద్రుల్ని నిధి గుర్తనుకుని తవ్వుతారు. 'ఆచంద్రార్కం', అంటే సూర్యచంద్రులున్నంతకాలం, అని చెప్పడానికే వాటిని చెక్కేది. కింది పలకలో పోరు, నడుమ వీరుణ్ణి తీసుకుపోయే అప్సరసలు, పైన శివపూజ ఉంటాయి. ఈ మాట గ్రామసభలో చెప్పి, రాయి పక్కనే బోర్డు మీద రాయించండి. నిధి లేదని తెలిస్తే సగం తవ్వకాలు ఆగుతాయి.

ఈలోగా గుంతను తడిమట్టితో పొరలుగా కూరి పూడ్చండి. ముందు ఫొటో తీసి, పోలీసులకు, తహసీల్దారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మట్టిలో ఏమైనా బయటపడితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాల్సిందే. పది రూపాయలు దాటిన ఏ వస్తువైనా దాని కిందికే వస్తుంది. ఊళ్లో ఉన్న అన్ని రాళ్ల చోటు, కొలత, ఫొటో పంచాయతీ తీర్మానానికి జతచేసి రిజిస్టరులో ఎక్కించండి. రేపు రోడ్డు వెడల్పు పనికి జేసీబీ వచ్చినప్పుడు కాంట్రాక్టరు ముందు పెట్టడానికి ఆ కాగితమే పనికొస్తుంది.