టెక్ సందేహాలు: నక్షత్రాలు చూసే రాత్రి ఫోన్ సంగతేంటి?

ప్రశ్న: ఖగోళ క్లబ్ వాళ్లు ఊరి బయట పెట్టే ఆకాశ వీక్షణానికి మా అబ్బాయిని తీసుకెళ్తున్నాను. ‘ఫోన్ వెలుగు వద్దు’ అన్నారు. స్టార్ మ్యాప్ యాప్ ఉండేది ఫోన్‌లోనే కదా, ఎలా?
– వరంగల్ నుంచి ఒక తల్లి

జవాబు: ఫోన్ తీసుకెళ్లండమ్మా. కాకపోతే ఇంటి దగ్గరే దాన్ని సిద్ధం చేసుకోండి. మన కళ్లు చీకటికి బాగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో తెల్లటి వెలుగు పడితే మళ్లీ మొదటికి వస్తుంది. మీకొక్కరికే కాదు, టెలిస్కోప్ కోసం లైన్లో ఉన్న అందరికీ.

ఒక చలికాలం వీక్షణంలో, గొల్లకావడి అనే మూడు చుక్కల వరుస కింద మసగ్గా ఉండే ఓరియన్ నెబ్యులా అనే వాయు మేఘం కోసం ఒక పెద్దాయన చాలాసేపు నిలబడ్డారు. తీరా ఆయన వంతు వచ్చేసరికి పక్కన ఎవరిదో ఫోన్ మోగి, స్క్రీన్ వెలుగు నేరుగా ఆయన ముఖం మీద పడింది. ‘ఏమీ కనపడట్లేదు బాబూ’ అని పక్కకు తప్పుకున్నారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

చీకట్లో మనకు చూపునిచ్చే, కంటి లోపలి దండ కణాలు ఎర్ర వెలుగుకు పెద్దగా స్పందించవు. అందుకే అక్కడ అందరూ ఎర్ర టార్చ్‌లే వాడతారు. స్టెల్లేరియం అనే స్టార్ మ్యాప్ యాప్‌లో నైట్ మోడ్ పెడితే స్క్రీన్ ఎర్రగా మారుతుంది. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్, కలర్ ఫిల్టర్స్‌కు వెళ్లి కలర్ టింట్ ఎంచుకోండి. కింది రెండు గీతలనూ కుడి చివరికి జరిపితే ఫోన్ మొత్తం ఎర్రబడుతుంది. ఆండ్రాయిడ్‌లో ఉండే ‘నైట్ లైట్’ వట్టి పసుపు రంగే, అది చాలదు. అందుకే స్టేషనరీ షాపులో దొరికే ఎర్ర గ్లాస్ పేపర్‌ని రెండు మూడు మడతలు వేసి స్క్రీన్‌కి అంటించండి. బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించండి, కెమెరా ఫ్లాష్ ఆపేయండి. చెయ్యి ఎత్తగానే వెలిగే స్మార్ట్‌వాచ్‌ని మాత్రం జేబులో పెట్టేయండి.

ప్రశ్న: యాప్ గురుగ్రహాన్ని ఒకవైపు చూపిస్తుంటే, ఆకాశంలో అది ఇంకోవైపు ఉంటోంది.
– ఒంగోలు పాఠకుడు

జవాబు: తప్పు యాప్‌ది కాదు, ఫోన్‌లోని దిక్సూచిది. మీ కవర్‌కి అయస్కాంతం ఉందేమో చూసి తీసేయండి. కారుకు ఆనుకుని నిలబడొద్దు. ఫోన్‌ని గాల్లో 8 అంకె ఆకారంలో నాలుగైదు సార్లు తిప్పండి. లొకేషన్ ఆన్‌లో ఉండాలి.

ప్రశ్న: టెలిస్కోప్‌కి ఫోన్ ఆనించి చంద్రుణ్ని తీస్తే తెల్లటి ముద్ద వస్తోంది.
– హైదరాబాద్ విద్యార్థిని

జవాబు: స్క్రీన్ మీద చంద్రుణ్ని నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. తర్వాత వేలిని కిందికి జరుపుతూ వెలుగు తగ్గించండి, గుంతలు తేలతాయి. చెయ్యి వణకకుండా 2 సెకన్ల టైమర్ పెట్టండి. పున్నమి కంటే అష్టమి చంద్రుడు మేలు, నీడలు పొడుగ్గా పడతాయి. ముందు కంటితో తృప్తిగా చూడమ్మా, ఫొటో తర్వాత.

ప్రశ్న: ‘675 రెట్లు’ అని రాసున్న 60 మిల్లీమీటర్ల టెలిస్కోప్ ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తోంది. పాపకి కొనొచ్చా?
– విజయవాడ నుంచి ఒక తండ్రి

జవాబు: వద్దండి. అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు వరకే పెద్దది చేయడం పనికొస్తుంది. అంటే 60కి 120 రెట్లు. అది దాటితే కనిపించేది మసకే. పైగా నాసిరకం స్టాండు ఊగిపోతుంటే పాపకి విసుగొచ్చి, టెలిస్కోప్ అటక ఎక్కుతుంది.

ముందు ఒకటి రెండు క్లబ్ వీక్షణాలకు తీసుకెళ్లండి. చెక్కపెట్టె మీద కూర్చోబెట్టిన లావుపాటి గొట్టం కనిపిస్తే, అది డాబ్సోనియన్ రకం టెలిస్కోప్. జాన్ డాబ్సన్ అమెరికాలో ఇలాంటి చవక టెలిస్కోపులు చేసి, శాన్‌ఫ్రాన్సిస్కో ఫుట్‌పాత్‌ల మీద దారిన పోయేవాళ్లని పిలిచి మరీ చూపించేవారు. 1968లో సైడ్‌వాక్ ఆస్ట్రానమర్స్ సంఘం మొదలైంది అలాగే. ధర, బరువు, డాబా మీదికి మోయగలమా లేదా, అన్నీ దాని యజమానినే అడగండి. వాళ్లు ఓపిగ్గా చెబుతారు.

ఈలోగా ఒక 10×50 (10 రెట్లు పెద్దగా చూపే, 50 మిల్లీమీటర్ల అద్దాలున్న) బైనాక్యులర్స్ చాలు. మోచేతులు పిట్టగోడ మీద ఆనించి చూస్తే గురుడి పక్కన చుక్కల్లా అతని చందమామలు కనిపిస్తాయి. పల్లెల్లో పిల్లలకోడి అనే కృత్తికల్లో, మామూలు కంటికి ఆరేడే కనిపించే చోట పాప పదులకొద్దీ లెక్కపెడుతుంది.