చిన్న ప్రోగ్రామబుల్ కాఫీ మేకర్ కొనొచ్చా? టైమర్ కోసమైతే వద్దంటాను

ఇంట్లో ఇద్దరమే ఉంటాం, పొద్దున లేచేసరికి కాఫీ రెడీగా ఉండాలి, తక్కువ ధరలో టైమర్ ఉన్న చిన్న కాఫీ మేకర్ తీసుకోవచ్చా అని అడిగారు. సరిగ్గా ఇదే ఆలోచనతో నేనూ ఒకటి కొని పదకొండు నెలలు వాడాను. టైమర్ చూసి మాత్రం కొనకండి. కొనేముందు ఈ సంగతులు నాకు చెప్పినవాళ్లు లేరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి వారం చాలా సంతోషంగా గడిచింది. మావారు ఆరున్నరకల్లా డ్యూటీకి బయల్దేరాలి. రాత్రే నీళ్లు పోసి, పొడి వేసి, 5:45కి సెట్ చేసి పడుకునేదాన్ని. వంటింట్లోంచి ఆ గుడగుడ శబ్దం వినిపిస్తే లేవడం. రెండో వారానికి రుచి మీదికి దృష్టి పోయింది. కాఫీ పల్చగా, కొంచెం పుల్లగా ఉండేది. పొడి మార్చాను, ఎక్కువ వేసి చూశాను. చిక్కదనం వచ్చింది గానీ పులుపు పోలేదు.

ఒకరోజు కాఫీ దిగడం అవగానే మూత తీసి చూశాను. పొడి మధ్యలో వేలు దిగేంత గుంట పడి ఉంది. చుట్టూ అంచు వెంబడి మాత్రం లేత రంగులో, సరిగా తడవకుండా ఉంది. చెంచాతో గీస్తే ఇసుకలా రాలింది. నీళ్లు పడే చోట ఉన్నది ఒకే ఒక్క రంధ్రం, అదీ సరిగ్గా నడిమధ్యన. అంటే నేను వేసిన పొడిలో మూడో వంతు దాకా ఏ పనీ చేయకుండానే చెత్తబుట్టలోకి పోతోంది. మరుసటి రోజు థర్మామీటర్ పెట్టి కొలిచాను. పొడి వేసే బుట్టలో పడే నీళ్లు మొదట్లో 80 డిగ్రీలు కూడా లేవు, చాలాసేపు 85 దగ్గరే ఉన్నాయి, ఆఖరి నిమిషంలో 90 తాకాయి. కాఫీకి నీళ్లు 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండాలని స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ (కాఫీ నాణ్యతకు ప్రమాణాలు పెట్టే సంస్థ) చెప్తుంది. నీళ్ల వేడి తగ్గితే పొడిలోని పులుపు ముందే దిగిపోతుంది, తీపీ చిక్కదనమూ వెనకబడిపోతాయి. నా కప్పులో జరిగింది అదే.

ఈ మెషిన్లు పనిచేసే తీరు తెలిస్తే కారణం కూడా అర్థమవుతుంది. వీటిలో పంపు ఉండదు. ట్యాంకులోని నీళ్లు అడుగున ఉన్న సన్నటి గొట్టంలోకి దిగుతాయి. ఆ గొట్టాన్ని ఆనుకుని హీటర్ ఉంటుంది. నీళ్లు మరిగి, ఆవిరి బుడగలు వాటిని పైకి తోస్తాయి. వెనక్కి పోకుండా ఒక చిన్న వాల్వ్ ఆపుతుంది. జగ్గు కింద ప్లేటును వేడి చేసేదీ అదే హీటర్. మొదట వచ్చే నీళ్ల వేడంతా చల్లగా ఉన్న గొట్టానికి, మూతకి, బుట్టకి పోతుంది. పెద్ద మెషిన్‌లో ఒకటిన్నర లీటరు పోస్తే కాసేపటికి అన్నీ వేడెక్కి సర్దుకుంటాయి. చిన్నదాంట్లో సర్దుకునేలోపే నీళ్లు అయిపోతాయి. ఇద్దరికే కదా అని సగం నీళ్లు పోస్తే ఇంకా అన్యాయం.

ఇక టైమర్. నా మెషిన్‌లో బ్యాకప్ బ్యాటరీ లేదు. రాత్రి కరెంటు ఒక్క క్షణం పోయినా గడియారం 12:00 దగ్గర కొట్టుకుంటూ ఉంటుంది, సెట్ చేసినదంతా పోతుంది. మావారు తెల్లవారుజామున ఊరికి వెళ్లాల్సిన రోజే అలా జరిగింది. లేచి వెళ్లి చూస్తే వేసిన పొడి వేసినట్టే, పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి. ఆయనేమీ అనలేదు, ఉత్త నీళ్లు తాగి బయల్దేరారు. నాకు మాత్రం ఆ రోజంతా మనసు బాగోలేదు. ఆ తర్వాత నుంచి అది పనిచేసిందో లేదో అన్న టెన్షన్‌తో అయిదింటికే మెలకువ వచ్చేసేది. ఏ నిద్ర కోసం కొన్నానో ఆ నిద్రే పోయింది. గడియారంలో పగలా రాత్రా (AM/PM) చూపించే చుక్క కూడా ఆవగింజంత ఉంటుంది. రెండుసార్లు సాయంత్రానికి సెట్ చేశాను.

పైగా పొడి రాత్రంతా తెరిచిన బుట్టలో, నీళ్ల ట్యాంకు పక్కనే ఉంటుంది. పొద్దున డబ్బా తీసి అప్పటికప్పుడు వేసిన పొడికీ దీనికీ వాసనలోనే తేడా తెలిసిపోయేది.

పెట్టె మీద 5 కప్పులు అని చూసి మోసపోకండి. కంపెనీలు లెక్కేసే కప్పు 150 మిల్లీలీటర్లు, ఒక్కోసారి ఇంకా తక్కువ. నేను కొలిస్తే గీత దాకా 650 వచ్చింది, అంటే మనం వాడే మగ్గులు రెండు.

ఇప్పటికే కొనేసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, నాకు పనిచేసినవి చెప్తాను. పొడి వేయకుండా ముందు ఒక మగ్గు నీళ్లు నడిపించండి. గొట్టం, బుట్ట, జగ్గు అన్నీ వేడెక్కుతాయి. ఆ వెంటనే ట్యాంకు నిండా నీళ్లు పోసి అసలు కాఫీ పెట్టండి. ఇలా చేస్తే నాకు నాలుగైదు డిగ్రీలు పెరిగాయి. 600 మిల్లీలీటర్లకు 33 గ్రాముల పొడి వేయండి. నీళ్లు పడటం మొదలైన అర నిమిషానికి మూత తీసి, ఆవిరి చేతికి తగలకుండా చెంచాతో ఒకసారి కలపండి. అన్నిటికంటే ఎక్కువ తేడా చూపించింది ఇదే. కాఫీ దిగగానే ఫ్లాస్కులో పోసేయండి. ప్లేటు మీద అరగంట ఉంటే చేదెక్కిపోతుంది, ఇక రెండు గంటలకు మెషిన్ తనంతట తానే ఆగేదాకా ఉంచితే తాగలేరు. నెలకోసారి సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లు నడిపించి, తర్వాత రెండుసార్లు మంచినీళ్లతో కడగండి. నేను ఆర్నెల్లు పట్టించుకోలేదు. ఏడు నిమిషాల్లో దిగేది పదమూడు నిమిషాలు పట్టేదాకా వచ్చింది, గొట్టంలో నీళ్లలోని సున్నం అంతలా పేరుకుంది.

కానీ చూడండి, పొడి కొలత తప్పిస్తే ఇవన్నీ మనిషి పక్కన నిలబడి చేసే పనులు. ఒక్కటి కూడా టైమర్‌తో కుదరదు. ఆ ధరలో కంపెనీ డబ్బంతా డిస్‌ప్లేకీ బటన్లకీ పోయి, హీటర్ దగ్గరా నీళ్లు చల్లే చోటా మిగుల్చుకున్నారని నా అభిప్రాయం. అదే ధరలో ఒక్క స్విచ్ మాత్రమే ఉన్న మెషిన్ దొరికితే, నీళ్లు నాలుగైదు రంధ్రాల్లోంచి పడేది చూసి తీసుకోండి. పాలూ చక్కెరా దండిగా వేసుకునే అలవాటు ఉండి, కరెంటు పోని చోట ఉంటే టైమర్‌ది కూడా మీకు నచ్చవచ్చు, కాదనను.

నేనిప్పుడు కెటిల్, మామూలు ప్లాస్టిక్ డ్రిప్పర్ (మగ్గు మీద పెట్టి, పొడి వేసి, చేత్తో నీళ్లు పోసే గరాటు లాంటిది) వాడుతున్నాను. నీళ్లు మరిగాక ఇద్దరికీ కలిపి అయిదు నిమిషాలు. మీ ఇంట్లో కెటిల్ ఉంటే మెషిన్ కొనేముందు ఒక వారం ఇలా చేసి చూడండి. మీ మగ్గులో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో, పాలు కలుపుతారో లేదో రాస్తే పొడి కొలత ఎంతో చెప్తాను.