కోర్సు ఫీజు కట్టే ముందు ఒక్క ఫోటోలో జుట్టు సరిచేయించి చూడండి

ప్రశ్న: మాది దేవరకొండ. మా బాబు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఊళ్లో ఫోటో స్టూడియోకి పోతూ ఎడిటింగ్ నేర్చుకుంటున్నాడు. డిగ్రీ వద్దు, హైదరాబాద్‌లో ఆరు నెలల రీటచింగ్ (ఫోటోలు సరిదిద్దే) కోర్సు చేస్తానంటున్నాడు. సాగర్ దగ్గర, సోమశిలలో తీసిన ప్రీ వెడ్డింగ్ ఫోటోలు వాడు చేసిస్తే స్టూడియో ఆయన "మొహం బాగుంది గానీ జుట్టు హెల్మెట్ పెట్టినట్టుంది" అని తిప్పి పంపుతున్నాడట. ఈ పనితో బతుకుదెరువు ఉంటుందా? ఫీజు కట్టమంటారా?

జవాబు: స్టూడియో ఆయన మీ అబ్బాయిని తిట్టలేదండీ, ఏం నేర్చుకోవాలో చెప్పాడు. మొహం నున్నగా చేయడం ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక్క నొక్కుతో చేసేస్తోంది. అదొక్కటే వచ్చినవాడికి రేపు పని దొరకడం కష్టం. ఆరుబయట తీసిన ఫోటోలో జుట్టును జుట్టులాగే ఉంచడం మాత్రం ఇంకా చెయ్యి తిరిగినవాళ్ల పనే. కాబట్టి ఫీజు సంగతి తర్వాత. ముందు మీ వాడికి ఈ పని మీద ఓపిక ఉందో లేదో తేల్చుకోండి. కింద రాసింది అతని చేత చదివించండి.

హెల్మెట్ ఎందుకవుతుందంటే, తల చుట్టూ లేచిన వెంట్రుకలన్నీ తుడిచేస్తారు. నీళ్ల ఒడ్డున గాలికి వెంట్రుకలు లేవడం మామూలే, చూసేవాళ్లకూ అది తెలుసు. అన్నీ పోయి అంచు గీత గీసినట్టు మిగిలితే కన్ను వెంటనే పట్టేస్తుంది. కంటి మీద, పెదవి మీద అడ్డం పడ్డవి తీసేయాలి. తల ఆకారానికి అడ్డంగా పొడుచుకొచ్చినవి తీసేయాలి. ఆకారం వెంబడి పోయేవి, నుదుటి మీది ముంగురులు, చెవి దగ్గరి పిల్ల వెంట్రుకలు ఉంచాలి. ముంగురులు తుడిస్తే నుదురు పెద్దదైపోయి మనిషే మారిపోతుంది. పెళ్లికూతురు ఆ ఫోటో చూసి "ఇది నేను కాదు" అంటే తప్పు ఆమెది కాదు.

తీయడానికి చాలామంది ఫోటోషాప్‌లో మచ్చల్ని పక్క రంగుతో కలిపి కప్పే హీలింగ్ బ్రష్ పడతారు. ఆకాశం మధ్యలో విడిగా ఉన్న వెంట్రుకకు అది సరిపోతుంది. జుట్టు అంచుకు దగ్గరగా వస్తే పక్కనున్న నలుపును లాగి ఆకాశంలోకి పూస్తుంది, మసి మరక మిగులుతుంది. అక్కడ ఒకచోటి భాగాన్ని ఇంకోచోట అచ్చుగుద్దే క్లోన్ స్టాంప్ వాడాలి. ఫోటో పైన కొత్త ఖాళీ లేయర్ (పొర) పెట్టి, శాంపిల్‌ను (ఎక్కడి నుంచి తీసుకోవాలన్నదాన్ని) 'కరెంట్ అండ్ బిలో' చేసి, ఆ లేయర్ మోడ్‌ను లైటెన్‌కు మార్చాలి. అప్పుడు వెలుతురున్న ఆకాశం మీది నల్ల వెంట్రుక మాత్రమే పోతుంది, ఆకాశం చెదరదు. ఎండ వెనక నుంచి పడి వెంట్రుకలు బంగారు తీగల్లా మెరుస్తూ, వెనక కొండో చెట్లో నల్లగా ఉంటే మోడ్ డార్కెన్. శాంపిల్‌ను పక్కనే తీసుకోవాలి. సాయంత్రం ఆకాశం రంగు కాస్త పైకి పోతేనే మారిపోతుంది, దూరం నుంచి తెస్తే అతుకు కనిపిస్తుంది.

శుభ్రం చేశాక అంచు గట్టిపడుతుంది. సగం మంది అక్కడితో ఆపేస్తారు, హెల్మెట్ అక్కడే పుడుతుంది. మళ్లీ కొన్ని వెంట్రుకలు గీయాలి. 24 మెగాపిక్సెల్ ఫోటోలో 2, 3 పిక్సెల్‌ల బ్రష్ చాలు. కుదురు నుంచి బయటికి, చివర సన్నబడేలా గీయాలి. దీనికి మౌస్ కన్నా ఒత్తిడిని పట్టే పెన్ టాబ్లెట్ నయం, చిన్న సైజుది సరిపోతుంది. రంగు అచ్చ నలుపు కాకూడదు. పక్క జుట్టు నుంచే తీసుకోవాలి, ఎండలో మన జుట్టు ముదురు గోధుమ రంగే. అన్నీ ఒకే పొడవు, ఒకే వంపు ఉంటే దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. ఇంకొకటి, 85 ఎంఎం లెన్స్‌తో 1.8 అపర్చర్‌లో (లెన్స్ బాగా తెరిచి) తీస్తే కళ్లు స్పష్టంగా ఉండి, చెవుల వెనక జుట్టు మసకబారుతుంది. అక్కడ పదునైన గీత పెడితే దొంగతనం బయటపడుతుంది. గీసిన లేయర్‌కు ఒకటి, రెండు పిక్సెల్‌ల గాసియన్ బ్లర్ (మసక), పైన కాస్త నాయిస్ (సన్న రేణువులు) ఇవ్వాలి.

మన వైపు ఎక్కువగా వచ్చే చిక్కు కొబ్బరినూనె. నూనె రాసి దువ్విన జుట్టు మీద ఆకాశం అద్దంలోలా పడి, పాపిడికి రెండు పక్కలా తెల్లటి పట్టీలు వస్తాయి. వాటిని వెలుగునీడలు మార్చే కర్వ్స్‌తో నల్లగా చేయబోతే బూడిద రంగు మచ్చలవుతాయి, ఎందుకంటే పూర్తిగా తెల్లబడిన చోట వెంట్రుకల గీతలే ఉండవు. రా ఫైల్ (కెమెరా ఇచ్చే అసలు ఫైల్) ఉంటే ముందు హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) తగ్గించి ఎంత దొరికితే అంత తెచ్చుకోవాలి. మిగిలినదాన్ని పక్క జుట్టు నుంచి, దువ్విన దిశలోనే, డార్కెన్ మోడ్‌లో 20, 30 శాతం ఒపాసిటీతో కొద్దికొద్దిగా కప్పాలి. మెరుపంతా చంపకూడదు. నూనె మెరుపే లేని జడ ఉన్నితో చేసినట్టుంటుంది.

నీడలో తీసిన ఫోటోల్లో రంగు తేడా వస్తుంది. పిల్లలమర్రి లాంటి చెట్ల కింద జుట్టు అంచులకు ఆకుపచ్చ అంటుతుంది, గోడ నీడలో నడినెత్తి మీద నీలం. రంగులు మార్చే హ్యూ, శాచురేషన్ లేయర్‌లో ఆ ఒక్క రంగు గాఢతనే 40 నుంచి 60 దాకా తగ్గిస్తే పోతుంది. కానీ మాస్క్ (మార్పు ఎంతవరకు పడాలో చెప్పే హద్దు) జుట్టు వరకే ఉండాలి. లేకపోతే చీర రంగు కూడా మారుతుంది. గద్వాల చీరకు పచ్చ అంచు ఉంటే అదీ వెలిసిపోతుంది, కొన్నవాళ్లు ఊరుకోరు.

వెనక ఆకాశం మార్చమంటే పని రెట్టింపు. జుట్టు అంచును వేరుచేసే 'రిఫైన్ హెయిర్' నొక్కగానే అయిపోయిందనుకుంటారు గానీ, వెంట్రుకల సందుల్లో పాత ఆకాశం తెల్లగా మిగులుతుంది. పాత ఆకాశం తెల్లగా ఉంటే ఒక ఉపాయం ఉంది: అసలు ఫోటో కాపీని కొత్త ఆకాశం మీద తెలుపు కనిపించకుండా పోయే మల్టిప్లై మోడ్‌లో పెట్టి, లెవల్స్‌తో పాత ఆకాశాన్ని పూర్తి తెలుపు చేస్తే సన్న వెంట్రుకలు వాటంతటవే దిగుతాయి. మనిషి లోపలి భాగాన్ని మాత్రం మామూలు మోడ్‌లో, మాస్క్‌తో పైన పెట్టుకోవాలి. కొత్త ఆకాశం చీకటిగా ఉంటే ఈ ఉపాయం పనిచేయదు, చేత్తో గీయాల్సిందే.

పెద్దవాళ్ల నెరిసిన జుట్టు, పలచబడ్డ పాపిడి అడగకుండా ముట్టుకోవద్దు. సవరం అతుకు, బయటికి కనిపించే పిన్నులు అడగకపోయినా తీసేయాలి.

ఇప్పుడు పరీక్ష. స్టూడియో ఆయన్ను అడిగి సాయంత్రపు ఎండలో తీసిన ఒక రా ఫైల్ తీసుకోండి. మీ అబ్బాయి దాన్ని చేసి, మర్నాడు మళ్లీ చూసి సరిదిద్దాలి. 100 శాతం జూమ్‌లో పని చేసి, మధ్యమధ్య 33 శాతానికి తగ్గించి చూడమనండి. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటంటే 300 డీపీఐలో 10,800 పిక్సెళ్ల వెడల్పు. ఫోన్‌లో దాగిన తప్పు అందులో దాగదు. మొదట్లో ఒక్క ఫోటోకే గంట పట్టినా ఫరవాలేదు. విసుగు పుట్టి ప్లగిన్ (పని తానే చేసేసే అదనపు సాఫ్ట్‌వేర్) వెతుక్కుంటున్నాడా, మళ్లీ కూర్చుంటున్నాడా అన్నదే మీరు గమనించాల్సింది.

కూర్చుంటే కోర్సు సంగతి ఆలోచించండి. ఆ సంస్థవాళ్లను పూర్తయిన ఫోటోలు కాదు, లేయర్లు విడివిడిగా ఉన్న పీఎస్‌డీ ఫైల్ చూపించమనండి. మీ ఫోటోనే ఇచ్చి, మీ ముందే పావుగంట చేయమనండి. ప్రీసెట్లు, యాక్షన్లు (ముందే తయారుచేసి పెట్టిన సెట్టింగులు) నేర్పడమే కోర్సు అయితే ఆ డబ్బుతో కంప్యూటర్‌కు 16 జీబీ ర్యామ్ వేయించి, పెన్ టాబ్లెట్ కొనివ్వడం మేలు.

డిగ్రీ మాత్రం మానిపించకండి. పెళ్లిళ్ల పని మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణాల్లో ఊపిరాడనివ్వదు. ఆషాఢంలో, మూఢంలో ఖాళీ. రీటచింగ్‌కు ఎక్కువచోట్ల ఫోటోకింత అని లెక్క, నెల జీతం తక్కువమందికే. పైగా ఈ సాఫ్ట్‌వేర్ ఏటా మారుతోంది. దోస్త్ (తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వ్యవస్థ) ద్వారా దగ్గర్లోని కాలేజీలో డిగ్రీలో చేరి, సాయంత్రాలు స్టూడియోకి పోవచ్చు. ఫోటోగ్రఫీనే చదువుతానంటే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది, ఇంటర్ అర్హత, ప్రవేశానికి ప్రత్యేకంగా పరీక్ష రాయాలి. ఆరు నెలల కోర్సుకు కట్టే డబ్బు గురించి ఆలోచించే ముందు ఆ నోటిఫికేషన్ ఒకసారి చూడండి.

పెళ్లి ఫోటోలతో పాటు చీరల, నగల కేటలాగ్ పని కూడా కనుక్కోమనండి. పోచంపల్లి, గద్వాల చీరలు అమ్మేవాళ్లు ఇప్పుడు ఫోన్ మీదే చూపిస్తున్నారు. అక్కడ జడ పైట మీద పడినచోట నేత కనిపించాలి, జుట్టూ సహజంగా ఉండాలి. ముహూర్తాలతో సంబంధం లేకుండా నడిచే పని అది. నమూనాగా చూపించుకోవడానికి పది ఫోటోలు చాలు, ముందూ తర్వాతా పక్కపక్కన పెట్టి. ఫోటోలో ఉన్నవాళ్ల అనుమతి లేకుండా ఒక్కటి కూడా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టవద్దని గట్టిగా చెప్పండి. ఆడపిల్లల ఫోటోల విషయంలో ఒక్కసారి మాట పోతే మన చిన్న పట్టణాల్లో మళ్లీ ఏ స్టూడియో పని ఇవ్వదు.