ఏప్రిల్‌లో మనాలి వెళ్తున్నాం, ఎండలొచ్చాక మంచు చరియల భయం ఉంటుందా?

పిల్లల పరీక్షలయ్యాక గుంటూరు నుంచి ఇంటిల్లిపాదీ మనాలి వెళ్తున్నామని, ధుండి వైపు కాసేపు మంచులో నడవాలని ఉందని రాశారు. ఎండలొచ్చేశాయి కాబట్టి మంచు చరియల భయం ఉండదనుకోవచ్చా అని అడిగారు. అనుకోకండి. ఆ కాలంలో అసలు తంటా ఎండతోనే.

మాది విజయవాడండి. ఒక ఏప్రిల్‌లో సోలాంగ్ దాటి ధుండి మీదుగా బకర్‌థాచ్ వైపు నడిచాను. రాత్రి ఆకాశం తేటగా ఉంటే పైమంచు గడ్డకడుతుంది. పొద్దున్నే అడుగేస్తే బూటు కింద కరకరమంటుంది, కాలు దిగదు. ఎండెక్కేకొద్దీ కరిగిన నీరు లోపలికి ఇంకి, పొరల మధ్య పట్టు వదిలిపోతుంది. 2024 ఆగస్టు ఆఖర్లో వానకి మన మొగల్రాజపురం కొండ జారింది చూడండి, ఇదీ ఆ వరసే. పదకొండు దాటేసరికి మోకాలి దాకా కూరుకుపోతున్నాం. పైన రాళ్ల పక్క నుంచి నిమ్మకాయంత మంచు ఉండలు వాటంతటవే దొర్లి, దారిలో మంచు చుట్టుకుని పెద్దవవుతున్నాయి. ముచ్చటగా ఉందని నేను ఫోన్ తీశాను. గైడ్ మాత్రం వాటిని చూడగానే "చలో, వాపస్" అని అందర్నీ వెనక్కి తిప్పేశాడు. వాలు వదులైందనడానికి అవే గుర్తట.

ఇంకో సంగతి. రాత్రి మబ్బు పట్టి చలి తగ్గితే మనకి హాయిగా ఉంటుంది కానీ, మంచు గడ్డకట్టదు. తెల్లవారుజామున బయల్దేరినా అది మెత్తగానే ఉంటుంది. వాన పడినా అంతే. ఆ రోజుకి మాల్ రోడ్డులో తిరిగి రావడం మేలు. కొత్తగా మంచు కురిస్తే ఒకటి రెండు రోజులు ఆగండి.

చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద తెగుతాయి. మీరు నిలబడ్డ చోటు చదునుగా ఉంటే సరిపోదు, తలెత్తి పైన ఏముందో చూడాలి. నాలాల్లో (కొండవాగుల పల్లాల్లో) అసలు ఆగకండి, పైనుంచి జారిందంతా అక్కడికే చేరుతుంది. ట్రెక్కింగ్ చేసేవాళ్లకే ఈ గొడవ అనుకోవద్దు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూలా రోడ్డు దగ్గర చరియ పడి ఏడుగురు టూరిస్టులు చనిపోయారు. పర్మిట్ 13వ మైలు వరకే ఉంటే, ప్రమాదం జరిగింది 15వ మైలు దగ్గర.

కూరుకుపోయిన మనిషిని పావుగంటలోపు బయటికి తీస్తేనే బతికే అవకాశం బాగా ఉంటుంది. అందుకు ట్రాన్సీవర్ (అందరూ ఒంటికి కట్టుకునే, మంచు కింద మనిషి జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాలి, వాడటం తెలిసిన మనిషీ పక్కనే ఉండాలి. అద్దె కోటు, గంబూట్లతో వెళ్లే మనకి అవేవీ ఉండవు.

డీఆర్‌డీఓ కింద చండీగఢ్‌లో ఉన్న డీజీఆర్‌ఈ అనే పరిశోధన సంస్థ చరియల హెచ్చరికలు ఇస్తుంది. ముందు రోజు సాయంత్రం అవి చూసుకోండి, హోటల్లోనూ అడగండి. నడవాలనే ఉంటే తెల్లారగానే మొదలుపెట్టి పదింటికల్లా వాలు దిగేయండి. పిల్లలు మంచుతో ఆడుకోవాలంటే సోలాంగ్‌లో, కొండ వాలుకి బాగా ఎడంగా ఉన్న మైదానం చాలు. అటల్ టన్నెల్ దాటి సిస్సు వెళ్దామనుకుంటే, రోడ్డు మూసిన రోజు డ్రైవర్ "కుఛ్ నహీ హోగా సార్" అన్నా బండెక్కకండి.