వెనక వరసకి వినపడాలి

చిరంజీవి తల్లికి,

పెదతాత దీవెనలు. స్కూలు వార్షికోత్సవానికి మీ పదో తరగతి వాళ్ళంతా కలిసి నాటకం వేస్తున్నారని, ఆ బాధ్యత నీ నెత్తిన పెట్టారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. సగం మంది ‘కన్యాశుల్కం’ వేద్దామంటున్నారట, సగం మంది సొంతంగా రాసుకుందామంటున్నారట. తాతనడిగి రాయించుకో అందట అమ్మ. తోచింది రాస్తున్నాను.

కన్యాశుల్కం మన విజయనగరం నాటకం. 1892లో మొదటిసారి ఆడింది ఇక్కడే. గురజాడవారు 1909లో పెంచి, తిరగరాసి అచ్చువేసిన ప్రతిలో ఏడంకాలున్నాయి. మీకు ఇచ్చేది అరగంట. అందులోంచి ముక్కలు తీసి అరగంటలో కుక్కితే కథ తెలియనివాళ్ళకి ఒక్క ముక్క ఎక్కదు. అంతగా మోజుంటే వెంకమ్మ ముందు గిరీశం, వెంకటేశం ఇంగ్లీషు మాట్లాడి చూపించే ఘట్టం ఒక్కటి విడిగా వేయించు. బడిపిల్లలకి అది బాగా నప్పుతుంది. నాటకం మాత్రం మీరే రాసుకోండి. రాసేముందు అందరూ కూర్చుని కన్యాశుల్కంలో ఓ రంగం గొంతెత్తి చదవండి. నూరేళ్ళు దాటినా ఆ మాటలు నోటికి ఎంత సులువుగా వస్తాయో మీకే తెలుస్తుంది. మనుషులు మాట్లాడుకునేటట్టే రాశారాయన.

వలస వెళ్ళినవాళ్ళ కథ అనుకుంటున్నారని విన్నాను. అదే చెయ్యండి. హైదరాబాదుకో చెన్నైకో బిల్డింగు పనులకి వెళ్ళిన అమ్మానాన్నలు, అమ్మమ్మ దగ్గర ఉండిపోయిన పిల్లలు మన పక్క ఏ ఊళ్ళో లేరు? మీ క్లాసులోనే ఉండుంటారు. వాళ్ళని అడిగి తెలుసుకో. కానీ ఎవరింటి సంగతీ పోల్చుకునేటట్టు ఉండకూడదు, వాళ్ళకి ఇష్టం లేని ముక్క ఒక్కటీ స్టేజీ ఎక్కకూడదు. ఇది మాత్రం గట్టిగా పట్టుకో.

అమ్మమ్మ చేత “ఏమైంది నాయనా, ఎందుకు విచారంగా ఉన్నావు?” అనిపించకండి. ఏ అమ్మమ్మ అలా అంటుంది? “ఏటయిందిరా, అలగున్నావేటి?” అంటుంది. అదే రాయండి. నవ్వించడానికి మాత్రం మన యాసని వాడొద్దు. సినిమాల్లో మన మాట వినపడగానే నవ్వడం జనానికి అలవాటు చేశారు, నాకది ఎప్పటికీ మింగుడుపడదు. మీ నాటకంలో అమ్మమ్మ ఏడ్చినా, కోప్పడినా ఆ మాటలోనే జరగాలి.

కథంతా ఒక్క చోట, ఇంటి అరుగు మీద నడిచేటట్టు చూసుకోండి. రంగం మార్చాలని తెర దించారంటే కింద కబుర్లు మొదలవుతాయి, పిల్లలు పరుగులు పెడతారు, మళ్ళీ వాళ్ళని కుదేసి కూర్చోబెట్టేసరికి మీ కథ చల్లారిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. బడి నాటకాలు ఎక్కువగా దెబ్బతినేది నటన రాక కాదు, వినపడక. పైన కప్పుండదు, పక్కన జనరేటరు, వెనక బఠానీలవాడు. మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది. పిల్లలకి ఊపిరి అయిపోయేదీ సరిగ్గా అక్కడే. “నాన్న ఈ నెల కూడా డబ్బు పంపించ...” అని గొంతు దిగిపోయిందనుకో. పంపించాడా, పంపించలేదా? మీ కథంతా ఆ చివరి ముక్కలోనే ఉంది. అందుకని వాక్యం చివర గొంతు దించకుండా నిలబెట్టడం మొదటి రోజునుంచీ నేర్పించు. పొడుగు వాక్యాన్ని రెండు చెయ్యి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో స్క్రిప్టులో గీత పెట్టు. అరవమని మాత్రం చెప్పకు, అరిస్తే గోలే వినపడుతుంది గానీ మాట వినపడదు.

రిహార్సల్స్ తరగతి గదిలో వద్దు. గదిలో అందరి గొంతూ బాగానే ఉంటుంది. గ్రౌండులో చేయించు. మీ అందరిలో మెత్తగా మాట్లాడే పిల్ల ఎవరో చూసి, ఆ పిల్లని స్టేజీ వేసేచోట నిలబెట్టు. ఇంకొకర్ని గ్రౌండు చివర గోడ దగ్గరికి పంపు. మాట అందనప్పుడల్లా వాళ్ళు చెయ్యెత్తాలి. చెయ్యి లేచిన ప్రతిసారీ ఆ వాక్యం మళ్ళీ చెప్పించు. రెండు మూడు రోజుల్లో ఆ పిల్ల గొంతు విచ్చుకోవడం నువ్వే చూస్తావు.

మైకులున్నాయి కదా అనుకోకు. పైనుంచి వేలాడదీసిన మైకు దాని కింద నిలబడ్డవాళ్ళ మాట అందుకుంటుంది, మూలనున్నవాళ్ళని వదిలేస్తుంది. ముఖ్యమైన మాటలున్నవాళ్ళు ఎక్కడ నిలబడాలో సుద్దముక్కతో గుర్తు పెట్టు. చెక్కల స్టేజీ మీద అడుగులు ధబధబమని మైకులో మోగుతాయి, కింద గోనెసంచులు పరిచి పైన దుప్పటి వెయ్యండి. మైకుసెట్టు అబ్బాయిని సాయంత్రం కాస్త ముందే రమ్మని బతిమాలు. నాలుగు డైలాగులు చెప్పి చూపించకుండా తెర తియ్యకండి.

జనం నవ్వినా, చప్పట్లు కొట్టినా ఆగాలి. ఆ హోరు తగ్గుముఖం పట్టాక తరవాతి మాట. ఇది చాలామంది పెద్ద నటులకీ త్వరగా పట్టుబడదు. ప్రాంప్టింగ్‌కి మంచి చదువరిని పెట్టుకో. డైలాగ్ మొదటి రెండు మాటలు అందిస్తే చాలు, మొత్తం చదివితే అది కూడా మైకులో వచ్చేస్తుంది.

పాత్రలు పంచేటప్పుడు మార్కులు చూడకు. వెనక బెంచీలో కూర్చుని మాస్టార్ల గొంతులు అనుకరించే గుంటడు ఒకడుంటాడు, వాణ్ణి ముందుకి లాక్కురా. వేషం దొరకనివాళ్ళు అలిగితే వాళ్ళకి పనులు అప్పగించు. సామాన్లు, తెర, లైట్లు, ఒక్కొక్క దానికీ ఒక మనిషి ఉండాలి. బట్టలు ఇళ్ళల్లోంచి తెచ్చుకోండి, ఎవరి చీర ఎవరిదో చీటీ మీద రాసి పిన్ను పెట్టు. మేకప్ పలచగా చాలు. పదిహేనేళ్ళ పిల్లకి ముసలితనం జుట్టుకి పూసిన పౌడరుతో రాదు, నడకలో రావాలి. మీ అమ్మమ్మ అరుగు దిగేటప్పుడు ముందు ఏ కాలు వేస్తుందో, చెయ్యి ఎక్కడ ఆనిస్తుందో చూడు.

పబ్లిక్ పరీక్షల టెన్షన్ మీకూ ఉంది, ఇళ్ళల్లోనూ ఉంది. హెడ్మాస్టరు గారితో ముందే మాట్లాడి రోజూ ఒక గంట అడుగు, ఆ గంట దాటనివ్వకు. పక్క ఊళ్ళనుంచి వచ్చే ఆడపిల్లలు చీకటి పడకుండా బస్సెక్కాలి. ఆ ఒక్కటీ జరిగితే ఏ తల్లీ అడ్డు చెప్పదు.

స్క్రిప్టు రాయడం అవగానే ఒక కాపీ మీ నాన్న విజయనగరం వచ్చేటప్పుడు ఇచ్చి పంపు. పైకి చదివి, నోరు తిరగని చోట్ల పెన్సిలుతో గుర్తు పెట్టి ఇస్తాను. తేదీ ఖాయమయ్యాక చెప్పు, వస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదతాత