పెళ్ళైన ఆడబిడ్డ పుట్టింట్లో ఉండొచ్చా?

ఉండొచ్చు. తాళంచెవి కూడా అడగొచ్చు.

మీరు రాసిందాన్ని బట్టి తిరుపతి కొర్లగుంటలో మీ నాన్న కొన్న ఇల్లు 50 అంకణాలు (1800 చదరపు అడుగులు), వీలునామా లేదు. వారసులు అమ్మ, మీరు, ఇద్దరు తమ్ముళ్ళు. చిన్నతమ్ముడు కింద కాపురముంటూ పై మిద్దె అద్దె కూడా తనే తీసుకుంటున్నాడు. మీరు వచ్చి ఉంటానంటే "పెళ్ళప్పుడే నీది నీకు ఇచ్చేసినాం గదక్కా" అన్నాడు.

ఆ మాటకు 2005 సెప్టెంబరు 9తోనే కాలం చెల్లింది. అంతకుముందు హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షను ఉండేది. మగవాళ్ళు పంచుకుంటే తప్ప ఆడపిల్ల ఇంట్లో భాగం అడగకూడదు. ఆ ఇంట్లో ఉండే హక్కైనా పెళ్ళికానివాళ్ళకో, భర్త లేనివాళ్ళకో, వదిలేసినవాళ్ళకో మాత్రమే. దాన్ని ఎత్తేసి ఇన్నేళ్ళైనా మన పెద్దమనుషులు ఇంకా దాని మీదే పంచాయితీలు చేస్తారు. పెళ్ళిలో పెట్టిన బంగారాన్ని ఏ కోర్టూ వాటాకింద జమ కట్టదు.

నాన్న స్వార్జితమైతే నలుగురికీ తలా 1/4. తాతల నాటి ఉమ్మడి ఆస్తైతే లెక్క వేరు. ముందు నాన్నకు, ముగ్గురు పిల్లలకు తలా 1/4 వేసి, ఆ నాన్న పావు మళ్ళీ నలుగురికీ పంచుతారు. అప్పుడు అమ్మకు 1/16, మీకు 5/16. మీవారికి మాత్రం ఇందులో ఏమీ లేదు. మాటలకు ఆయన్ని ముందు పెట్టకండి, అల్లుడు నోరు తెరిస్తే సగం రాజీలు అక్కడే చెడతాయి.

అసలు మోసం జరిగేది పెద్దకర్మ రోజు. బంధువులంతా ఉంటారు, ఆడబిడ్డ ఏడ్చి ఏడ్చి ఉంటుంది, విస్తర్లు ఇంకా ఎత్తనే లేదు. 100 రూపాయల స్టాంపు కాగితం ముందుకొస్తుంది, "నాకు ఏ వాటా వద్దు" అని ముందే టైపు కొట్టి. "ఇంటిపన్ను పేరు మార్చడానికి" అంటారు. సంతకం పెట్టేసినా గుండె జారిపోనక్కర్లేదు. స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం రిజిస్టరు కాకపోతే ఆ హక్కు పోదు. రిజిస్ట్రారు ముందు వేలిముద్ర వేసుంటే మాత్రం అది వేరే యుద్ధం. అందుకే మొదట ఈసీ, అంటే ఆ ఇంటి మీద ఏయే పత్రాలు రిజిస్టరయ్యాయో చూపే కాగితం, తీయించండి.

పన్ను రశీదు తమ్ముడి పేర ఉందని, పన్నెండేళ్ళు అతనొక్కడే ఉన్నాడని భయపడొద్దు. పన్ను పుస్తకం హక్కు పత్రం కాదు. ఉమ్మడి వారసుల్లో ఒకడు ఉంటే అందరూ ఉన్నట్టే లెక్క. మీ హక్కును బాహాటంగా కాదని, మిమ్మల్ని బయట పెట్టి, ఆనాటినుంచి 12 ఏళ్ళు గడిస్తేనే చిక్కు.

తాళం పగలగొట్టొద్దు, కేసు మీమీదికే తిరుగుతుంది. తహసీల్దారు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, వాటా, అద్దె లెక్క అడుగుతూ రిజిస్ట్రేషను పెట్టించి స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. కోపంలో లేని గెంటివేత రాయించకండి. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నామంటే భాగం దావాకు కోర్టు ఫీజు కొద్దిపాటిది, బయటికి తోసేశారంటే వాటా విలువ మీద కట్టాలి. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు. దావా పడ్డాక తమ్ముడు ఎవరికి అమ్మినా కొన్నవాడు తీర్పుకు కట్టుబడాల్సిందే. దావా లేకున్నా, ఉమ్మడి ఇంట్లో వాటా కొన్న పరాయివాడికి మీతో కలిసి ఉండే హక్కు లేదు.

ఇక పంపకం. తిరుపతి లెక్కన అంకణం 36 చదరపు అడుగులు, మీ ఇల్లు మొత్తం 1800. నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 450, మెట్లు ఒకటే, బోరు ఒకటే. ఇలాంటిచోట 1893 నాటి పార్టిషన్ చట్టం కింద సగం, ఆపైన వాటా ఉన్నవాళ్ళు అమ్మకం అడగొచ్చు. అప్పుడు తమ్ముళ్ళు కావాలంటే అలా అడిగినవాళ్ళ వాటాలు కోర్టు కట్టిన విలువకు కొనుక్కోవచ్చు. మీ పావు ఒక్కటీ చాలదు, అమ్మది కలిస్తే సరిగ్గా సగం. వకీలు దగ్గరికి వెళ్ళేముందు అమ్మతో మాట్లాడండి, తమ్ముడు ఇంట్లో లేనప్పుడు.