మందు వేయని కణాల్లోనూ సైటోక్రోమ్ సి బ్యాండ్ ఎందుకొస్తోంది?

ప్రశ్న: వెనిటోక్లాక్స్ (క్యాన్సర్ కణాల్ని చావు వైపు నెట్టే మందు) వేసిన లుకేమియా కణాల్లో మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్ సి (బయటికొస్తే కణం చావుకి దారితీసే ప్రొటీన్) బయటికొస్తోందేమో వెస్టర్న్ బ్లాట్‌తో (ప్రొటీన్‌ని బ్యాండ్‌గా చూపే పరీక్ష) చూస్తున్నాను. మందు వేయని కంట్రోల్‌లో కూడా సైటోసోల్ (మైటోకాండ్రియా వంటివి తీసేశాక మిగిలే కణద్రవం) భాగంలో బ్యాండ్ వస్తోంది. కణాలు పగలగొట్టడానికి డౌన్స్ హోమోజినైజర్ (గాజు గొట్టంలో రోకలితో కణాల్ని నలిపే సాధనం) వాడుతున్నాను. తప్పెక్కడ?

జవాబు: మొదట ఆ డౌన్స్‌నే అనుమానించండి. సైటోక్రోమ్ సి ఉండేది మైటోకాండ్రియా రెండు పొరల మధ్య. బయటి పొర చిరిగితే చాలు, జారిపోతుంది. కణం చావు మొదలైనప్పుడు బ్యాక్స్, బ్యాక్ ప్రొటీన్లు పెట్టిన రంధ్రమా, మీ రోకలి పెట్టిన చిరుగా అన్నది బ్లాట్‌కి తెలియదు. పైగా లుకేమియా కణంలో న్యూక్లియస్ చుట్టూ సైటోప్లాజం కొంచెమే. కణం పగిలేదాకా దంచితే మైటోకాండ్రియా కూడా చితుకుతాయి.

కణపొరకి చిల్లులు పెట్టే డిటర్జెంట్ డిజిటోనిన్‌కి మారండి. అది కొలెస్ట్రాల్‌ని పట్టుకుంటుంది. కణం పైపొరలో కొలెస్ట్రాల్ ఎక్కువ, మైటోకాండ్రియా పొరల్లో బాగా తక్కువ. మోతాదు సరిపోతే పైపొర ఒక్కటే చిల్లులు పడుతుంది, ఎక్కువైతే మళ్లీ మొదటి కథే. మిల్లీలీటరుకి 10, 25, 50, 100, 200 మైక్రోగ్రాముల చొప్పున ఐదు ట్యూబులు పెట్టి, ఒక్కోదాంట్లో 10 లక్షల కణాలు వేసి, ఐస్ మీద 5 నిమిషాలు ఉంచి ట్రిపాన్ బ్లూతో (పైపొరకి చిల్లు పడిన కణాల్లోకే వెళ్లే నీలి రంగు) చూడండి. 95 శాతం కణాలు నీలంగా మారే అతి తక్కువ మోతాదే మీది. ఆ తర్వాత కణాల సాంద్రత మార్చకండి. లెక్కకొచ్చేది కణానికెంత డిజిటోనిన్ అందిందన్నదే. కొత్త లాట్ తెరిస్తే మళ్లీ ఈ పరీక్షే. స్టాక్‌లో తెల్లటి మడ్డి కనిపిస్తే 95 డిగ్రీల్లో వేడిచేసి, పూర్తిగా కరిగాకే వాడండి.

బఫర్: 250 మిల్లీమోలార్ సుక్రోజ్, 20 హెపీస్ (పీహెచ్ 7.4), 80 పొటాషియం క్లోరైడ్, 1 ఈడీటీఏ, ప్రొటియేజ్ ఇన్హిబిటర్లు. పొటాషియం క్లోరైడ్ మానేస్తే తప్పు రెండోవైపు జరుగుతుంది. సైటోక్రోమ్ సి ధనావేశంతో ఉంటుంది కాబట్టి లోపలి పొరలోని కార్డియోలిపిన్‌కి అంటుకుంటుంది. ఉప్పు తక్కువైతే, బయటి పొరకి రంధ్రాలు పడినా పెల్లెట్‌లోనే (సెంట్రిఫ్యూజ్‌లో అడుగున చేరే ముద్ద) ఉండిపోయి, మందు పనిచేయలేదన్న భ్రమ కలిగిస్తుంది.

సెంట్రిఫ్యూజ్‌లో ముందు 1,000 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పండి. పైనీటిని తీసి 12,000 జీ దగ్గర మరో 10 నిమిషాలు. వోర్టెక్స్ వద్దు. అప్పటిదాకా శాంపిల్‌ని ఫ్రీజ్ చేయొద్దు, ఒక్కసారి గడ్డకట్టి కరిగినా బయటి పొర చిరుగుతుంది. 15 శాతం జెల్, 0.2 మైక్రాన్ల రంధ్రాలున్న పీవీడీఎఫ్ మెంబ్రేన్ వాడండి. ప్రొటీన్ 12 కిలోడాల్టన్లే, 0.45 మెంబ్రేన్‌లోంచి దాటిపోయే ప్రమాదముంది.

మైటోకాండ్రియా గుర్తుగా వాడే కాక్స్-4 ప్రొటీన్ సైటోసోల్‌లో లేదని నిశ్చింత పడకండి. చాలామంది పడే పొరపాటిది. అది లోపలి పొరలో పాతుకున్న ప్రొటీన్, బయటి పొర చిరిగినా కదలదు. మైటోకాండ్రియా మొత్తంగా కలిసిపోలేదని మాత్రమే అది చెబుతుంది.

ఇంతా చేసినా కంట్రోల్‌లో బ్యాండ్ మిగిలితే అనెక్సిన్-వి (చచ్చిపోతున్న కణాలకి అంటుకునే ప్రొటీన్) పరీక్ష చూడండి. కల్చర్ ముదిరి కణాలు ముందే చచ్చిపోతుంటే ఆ బ్యాండ్ నిజమైనదే.

మందు వేసిన శాంపిల్‌లో సగం బ్యాండ్ కనిపిస్తే ప్రతి కణంలోనూ సగం బయటికొచ్చిందని రాయకండి. ఒక కణంలో విడుదల మొదలైతే నిమిషాల్లో దాదాపు అంతా వచ్చేస్తుంది. సగం కణాలు స్పందించాయన్నదే సరైన అర్థం. మిగతా సగం ఎంసీఎల్-1 (కణాన్ని చావు నుంచి కాపాడే ప్రొటీన్) అండతో నిలబడుతున్నాయేమో చూడాలంటే, వెనిటోక్లాక్స్‌తో పాటు ఎంసీఎల్-1 నిరోధకం ఎస్63845 కలిపి, ఈసారి ఫ్లో సైటోమెట్రీలో కణం కణం లెక్కపెట్టండి.